టక్ టక్ మంటుంది... మంట రాదు

ఆదివారం సాయంత్రం స్టవ్‌ను తళతళలాడేలా కడిగి తుడుస్తారు. సోమవారం పొద్దున టీ పెడదామని నాబ్ తిప్పితే టక్ టక్ మని శబ్దం వస్తుంది, బర్నర్ మాత్రం వెలగదు. మళ్లీ తిప్పుతారు. మళ్లీ అదే శబ్దం. ఈలోగా వంటగదిలో సన్నగా గ్యాస్ వాసన మొదలవుతుంది.

మా ఇంట్లో పోయిన వానాకాలంలో సరిగ్గా ఇదే జరిగింది. ఫోన్లో లక్షణాలు విన్న మెకానిక్ "మాడ్యూల్ పోయింది, మొత్తం మార్చాలి" అని తేల్చేశాడు. తీరా చూస్తే మాడ్యూల్‌కు ఏమీ కాలేదు. ఒక ఎలక్ట్రోడ్ పింగాణీ మీద వెంట్రుకంత పగులు ఉంది, అందులోకి నీళ్లు దిగాయి.

పగులు సంగతి తర్వాత చెప్పుకుందాం. ముందు ఆ వాసన సంగతి. పెద్ద బర్నర్ సుమారు 3 కిలోవాట్లది అనుకుందాం. ఒక కిలో ఎల్‌పీజీలో దాదాపు 46 మెగాజూళ్ల శక్తి ఉంటుంది. లెక్క కడితే ఆ బర్నర్ నుంచి 10 సెకన్లలో వచ్చే గ్యాస్ ఒక గ్రాము కూడా ఉండదు, పరిమాణంలో 0.3 లీటరు. ఇదేం పెద్ద విషయం అనిపిస్తుంది. కానీ గాలిలో ఎల్‌పీజీ సుమారు 2 శాతం చేరితే చాలు, ఆ మిశ్రమానికి మండే గుణం వస్తుంది. అంటే 0.3 లీటరు గ్యాస్ ఒక బకెట్టెడు, 15 లీటర్ల గాలిని అంటుకునేలా చేయగలదు. పైగా ఎల్‌పీజీ గాలికంటే బరువైనది. పైకి లేచి చిమ్నీలోంచి పోదు, గట్టు మీద నుంచి కిందికి జారి మూలల్లో చేరుతుంది. పదోసారి నాబ్ తిప్పినప్పుడు రవ్వ సరైన చోట పడిందంటే మంట బర్నర్ దగ్గరే ఆగదు. అందుకే మూడు నాలుగు సెకన్లలో వెలగకపోతే నాబ్ కట్టేయాలి. కిటికీ తెరిచి, కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడు మళ్లీ ప్రయత్నించాలి. నాబులన్నీ కట్టేసి ఉన్నా వాసన వస్తుంటే అది ఇగ్నైటర్ సమస్య కాదు, లీకు. అప్పుడు లైటర్ నొక్కకూడదు. ఏ స్విచ్చూ వేయకూడదు, ఆర్పకూడదు కూడా. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి. ఎల్‌పీజీ లీకుల కోసం ఉన్న అత్యవసర నంబరు అది.

ఇక రవ్వ దగ్గరికి వద్దాం. గ్యాస్‌ను అంటించడానికి చాలా తక్కువ శక్తి సరిపోతుంది. గాలితో సరైన పాళ్లలో కలిసిన ప్రొపేన్‌కు 0.25 మిల్లీజూల్ చాలు. చిక్కంతా వోల్టేజీతోనే. గాలి తనలోంచి విద్యుత్తును అంత సులువుగా పోనివ్వదు. ఒక మిల్లీమీటరు గాలిని చీల్చుకుని రవ్వ దూకాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. ఎలక్ట్రోడ్ కొనకూ బర్నర్ లోహానికీ మధ్య 3, 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది కాబట్టి దాదాపు 10,000 వోల్టులు అవసరం. మన గోడ ప్లగ్గులో ఉండేది 230 వోల్టులే!

ఇంత వోల్టేజీని పుట్టించడానికి మన వంటిళ్లలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది చేతి లైటర్‌లో ఉండేది. కొన్ని రకాల స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మీద విద్యుదావేశం పుడుతుందని ఫ్రాన్స్‌లో పియర్ క్యూరీ, ఆయన అన్న జాక్ 1880లో కనుగొన్నారు. లైటర్‌లో క్వార్ట్జ్‌కు బదులు లెడ్ జిర్కొనేట్ టైటనేట్ అనే పింగాణీ పదార్థపు చిన్న కడ్డీ ఉంటుంది. మీట నొక్కితే స్ప్రింగు బిగుసుకుని, ఠక్కున వదిలి, చిన్న సుత్తితో ఆ కడ్డీ మీద కొడుతుంది. ఒక దెబ్బకు ఒక రవ్వ. బ్యాటరీ అక్కర్లేదు. నాబ్ తిప్పగానే గట్టిగా ఒకే ఒక్క 'టక్' వినిపించే ఆటో ఇగ్నిషన్ స్టవ్వుల్లోనూ ఇదే ఏర్పాటు.

రెండోది వరసగా టక్ టక్ మనేది. గాజు పలక హాబ్‌లలో ఎక్కువగా ఉంటుంది. ఇందులో 1.5 వోల్టుల సెల్ నుంచి వచ్చే విద్యుత్తును ఒక చిన్న సర్క్యూట్ ముక్కలు ముక్కలుగా తెంచి, బుల్లి ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచి, ఒక కెపాసిటర్‌లో నింపుతుంది. అది నిండగానే ఒక్కసారిగా రెండో ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఒంపేస్తుంది. అక్కడ వోల్టేజీ వేలల్లోకి ఎగబాకుతుంది. మనకు వినిపించే ప్రతి 'టక్' ఒక కెపాసిటర్ ఖాళీ అయిన చప్పుడన్నమాట. దీన్నిబట్టి చెవితోనే ఒక పరీక్ష చేయవచ్చు. సెల్ నీరసించిపోతే కెపాసిటర్ నిండడానికి ఎక్కువ సేపు పడుతుంది, టక్‌కూ టక్‌కూ మధ్య ఎడం పెరుగుతుంది. హుషారుగా కొట్టుకునే శబ్దం 'టక్... టక్...' అని సాగిపోతుంటే ముందు సెల్ మార్చి చూడండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయని నా అనుమానం.

శబ్దం చురుగ్గానే ఉన్నా మంట రావడం లేదంటే మాత్రం 10,000 వోల్టులు తయారవుతూనే ఉన్నాయి, కానీ ఇంకెక్కడికో పోతున్నాయి. విద్యుత్తుకు మన బర్నర్ మీద ప్రత్యేకమైన అభిమానం ఏమీ లేదు. ఎటు సులువైతే అటే పోతుంది. ఎలక్ట్రోడ్ కడ్డీ చుట్టూ తెల్లటి పింగాణీ తొడుగు ఉండేది ఆ దొంగదారులు మూయడానికే. పాలు పొంగి దాని మీద మాడినా, ఉప్పూ చింతపండూ ఉన్న చారు కారినా పింగాణీ మీద విద్యుత్తు పాకే పొర ఒకటి ఏర్పడుతుంది. కొన దగ్గర వోల్టేజీ పూర్తిగా పెరిగేలోపే ఆవేశం ఆ పొర మీదుగా జారుకుంటుంది. పొర మాడి బొగ్గయితే మరీ కష్టం. నీళ్లు ఆరిపోతాయి గానీ బొగ్గు గీత అక్కడే ఉంటుంది. సముద్ర తీరంలో విద్యుత్ స్తంభాల మీది పింగాణీ గిన్నెలను ఉప్పు పొర ఇలాగే ఇబ్బంది పెడుతుంది. ఆ గిన్నెలకు గొడుగు మడతలు పెట్టేది ఉపరితలం మీది దారిని పొడవు చేయడానికే.

వానాకాలంలో గాలి తేమగా ఉండటం వల్ల రవ్వ రాదని చాలామంది అంటారు. నిజానికి గాలిలోని ఆవిరి పెద్దగా అడ్డుపడదు. అసలు దోషి పింగాణీ మీద పేరుకున్న తడే.

దొంగదారిని పట్టుకోవడానికి చీకటి చాలు. రెగ్యులేటర్ కట్టేసి, గొట్టంలో మిగిలిన గ్యాస్ అయిపోయేదాకా ఒక బర్నర్‌ను మండించి ఆరిపోనివ్వండి. కిటికీ తెరిచి కొంచెం ఆగండి. తర్వాత గదిలో లైట్లు ఆర్పి నాబ్ తిప్పండి. ఆరోగ్యంగా ఉన్న ఎలక్ట్రోడ్ కొన నుంచి బర్నర్‌కు నీలిరంగు రవ్వ దూకుతుంది. మా స్టవ్‌లో మూడు బర్నర్ల దగ్గర అలాగే దూకింది. నాలుగో దాని కొన దగ్గర ఏమీ లేదు, పింగాణీ మొదట్లో మాత్రం సన్నటి నీలి దారం మెరిసింది. మూడు చోట్ల రవ్వ చక్కగా వస్తుంటే మాడ్యూల్ పోయిందనడం ఎలా కుదురుతుంది?

మిగతా లక్షణాలు త్వరగా చెప్పేస్తాను. ఏ నాబ్ తిప్పినా చప్పుడే లేకపోతే సెల్, దాని కొసలకు పట్టిన తుప్పు, ఆ తర్వాతే మాడ్యూల్‌ను అనుమానించాలి. ఒక నాబ్ తిప్పితే ఎక్కడా రవ్వ రాక, మిగతావి తిప్పితే అన్ని చోట్లా వస్తుంటే ఆ నాబ్ కింది బుల్లి స్విచ్ పాడైంది. స్టవ్ కట్టేసినా టక్ టక్ ఆగకపోతే స్విచ్‌లోకి నీళ్లు వెళ్లాయి, సెల్ తీసి ఆరనివ్వాలి. రవ్వ సరిగ్గా పడుతున్నా మంట రాకపోతే బర్నర్ రంధ్రాలు పూడుకుపోయి ఉంటాయి, లేదా కడిగాక మూత వంకరగా పెట్టి ఉంటారు. మంట వచ్చి, నాబ్ వదలగానే ఆరిపోతుంటే అది ఇగ్నైటర్ తప్పే కాదు. మంట ఉందో లేదో కనిపెట్టే థర్మోకపుల్ అనే చిన్న కడ్డీ వేడిని సరిగ్గా పసిగట్టడం లేదు.

కంటికి కనిపించేదాన్ని కూడా పూర్తిగా నమ్మలేని సందర్భం ఒకటుంది. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలో పైన బర్నర్లు, కింద ఓవెన్ కలిసి ఉండే గ్యాస్ రేంజ్‌లు కనిపిస్తాయి. చాలా ఓవెన్లలో రవ్వ ఉండదు. సిలికాన్ కార్బైడ్ ముక్క ఒకటి విద్యుత్తుతో ఎర్రగా కాలి గ్యాస్‌ను అంటిస్తుంది. అదే విద్యుత్తు గ్యాస్ వాల్వ్‌లోంచి కూడా పోవాలి. చాలా మోడళ్లలో మూడు ఆంపియర్ల పైచిలుకు ప్రవహిస్తేనే ఆ వాల్వ్ తెరుచుకుంటుంది. ఏళ్ల తరబడి కాలి కాలి ఆ ముక్క నిరోధం పెరుగుతుంది, విద్యుత్తు తగ్గుతుంది. ముక్క ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది, గ్యాస్ మాత్రం రాదు. చూసేవాళ్లు వాల్వ్ పోయిందనుకుంటారు. పోయింది వెలుగుతున్న ఆ ముక్కే. వైరు చుట్టూ క్లాంప్ మీటర్ తగిలించి ఆంపియర్లు చూస్తే గానీ బయటపడదు.

మళ్లీ మన వంటింటికి. ఎలక్ట్రోడ్ మీద ఉన్నది తడీ మరకా మాత్రమే అయితే పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి ఆరబెడితే సరిపోతుంది. పగులు, పోని బొగ్గు గీత ఉంటే మార్చాల్సిందే. స్టవ్ చల్లారాక, రెగ్యులేటర్ కట్టేసి, సెల్ తీసేసి, కరెంటుతో పనిచేసేదైతే ప్లగ్గు పీకేసి మొదలుపెట్టాలి. విప్పేముందు వైర్లను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఎలక్ట్రోడ్‌ను ఒక క్లిప్పో చిన్న నట్టో పట్టుకుని ఉంటుంది. వైరును కాకుండా దాని కొసనున్న కనెక్టర్‌ను పట్టుకుని లాగాలి. కొత్తది అదే మోడల్‌కు చెందినదై, పొడవు, కొన వంపు సరిపోవాలి. నట్టు మరీ బిగిస్తే పింగాణీ అప్పుడే పగులుతుంది. వైరు తెగితే ఇంటి వైరింగ్ ముక్కతో అతకవద్దు. దాని తొడుగు 1,100 వోల్టుల కోసం చేసింది, 10,000 వోల్టులు దాన్ని చీల్చేస్తాయి. ఇన్సులేషన్ టేపు సంగతీ అంతే. రవ్వ వోల్టేజీ ఎంతుందో కొలుద్దామని మామూలు మల్టీమీటర్ పెట్టారా, మీటరే పోతుంది. గ్యాస్ గొట్టాలు, జెట్లు, వాల్వులు, థర్మోకపుల్ జోలికి మాత్రం వెళ్లకండి. అది సర్వీసు మెకానిక్ పని.

రవ్వ బలంగా వస్తుందని కొందరు కొనను బర్నర్ వైపు వంచుతారు. రవ్వ నిజంగానే తేలిగ్గా వస్తుంది, గ్యాస్ అంటుకోదు. ఖాళీ సుమారు 2 మిల్లీమీటర్ల కంటే తగ్గితే అప్పుడే పుట్టిన చిన్న మంటలోని వేడిని రెండు పక్కల ఉన్న లోహమే పీల్చేసుకుంటుంది.

మా స్టవ్‌కు కొత్త ఎలక్ట్రోడ్ వేశాక మళ్లీ లైట్లు ఆర్పి చూశాం. నాలుగు చోట్లా నీలి రవ్వలే. రెగ్యులేటర్ తెరిచి నాబ్ తిప్పితే రెండో టక్‌కే అంటుకుంది.