పల్నాటి పళ్లెములో సూరచేప

నల్లమల చరియలకు చేరువనున్న మా బొల్లాపల్లిలో చేప యనగా చెరువులో పెరిగిన బొచ్చెయో, రాగండియో, కలిసివచ్చిననాడు కొరమేనో కాని, నడిసంద్రమున నిలుకడ లేక సంచరించెడి సూరచేప కాదు. వినుకొండ దాటి, నరసరావుపేట దాటి, వాడరేవో నిజాంపట్నమో చేరినగాని మాకు ఉప్పుగాలి సోకదు. అయినను, లోకమున మిక్కిలి వెలపలుకు మత్స్యమాంసములలో నొకటైన సూర పొట్టక్రొవ్వు రుచి, సముద్రసామీప్యముకంటె శైత్యముమీదను కాలముమీదను ఆధారపడినదని తెలిసిన పిమ్మట, ఈ దూరము మనకంత యడ్డుగా తోచదు.

టూనా యని యంగడిలో పిలువబడునది మన తీరపు జాలరులకు సూర. అనకాపల్లి జిల్లాలోని పూడిమడక జాలరులు చేతిగేలములతో దీనిని పట్టుటలో ఆరితేరినవారు. మన తూర్పుసముద్రమున దొరకు పెద్ద జాతి పసుపురెక్క సూర. నిండుగా పెరిగినచో మనిషి యెత్తును మించగలదు. ఈ చేపకు విశ్రాంతి లేదు. ఈత యాగినచో మొప్పలలోనికి నీరు చొరక ఊపిరాడదు. కండలనుండి మొప్పలకు మరలిపోవు వెచ్చని నెత్తురు, మొప్పలనుండి వచ్చు చల్లని నెత్తురునకు తన వేడిని దారిలోనే యప్పగించునట్లు రక్తనాళములు ఒండొంటితో నల్లుకొనియుండుటచే, దాని దేహము చుట్టునున్న నీటికంటె వెచ్చగానుండును. శీతలసముద్రములలో మేసి, గ్రుడ్లు పెట్టుటకై మహాసముద్రములను దాటెడి నీలిరెక్క సూర, ఆ ప్రయాణమునకు పాథేయముగా పొట్టయందు క్రొవ్వు కూడబెట్టును. వరదగోదావరికి ఎదురీదెడి పులసకు క్రొవ్వు పట్టుటకును కారణ మిట్టిదే. వెచ్చని నీటియందే తిరుగు మన పసుపురెక్కకు అంతటి క్రొవ్వు లేదు; ఉన్న కొలదిపాటి క్రొవ్వును పొట్టభాగముననే వెదకవలెను.

జపాను దేశస్థులు పొట్ట ముందుభాగమును ఓటోరో యనియు, మధ్యరకమును చూటోరో యనియు, క్రొవ్వులేని యెఱ్ఱకండను అకామి యనియు వేఱుపఱతురు. నేడు వారు ప్రాణము పెట్టు ఈ క్రొవ్వును, మంచుపెట్టెలు లేని పూర్వకాలమున త్వరగా చెడునను కారణమున పాఱవేసెడివారు. రుచిని మార్చినది నాలుక కాదు, శీతలయంత్రము. 1972లో కెనడా తీరపు సూరలు విమానమెక్కి టోక్యో చేరినవి. 2019 జనవరిలో అదే నగరమున 278 కిలోల నీలిరెక్క సూర యొకటి 33 కోట్ల 36 లక్షల యెన్నులకు వేలములో పోయినది.

అయితే ఇంతటి విలువయు చేప పడిన తొలిగంటలోనే నిలుచుట యైనను, నశించుట యైనను జరుగును. గేలమునకు చిక్కి పెనుగులాడిన సూర ఒడలు కాగి, కండ పాలిపోయి, ఉడికినదానివలె నగును. కావుననే నేర్పరియైన జాలరి దానిని వెంటనే చంపి, నెత్తురు కార్చి, మొప్పలు తీసి, మంచులో పూడ్చును. ఇందు అజాగ్రత్తపడిన యెడల రుచి మాత్రమే కాదు, ఆరోగ్యమును చెడును: సూరమాంసములోని హిస్టిడిన్ వేడిమిలో సూక్ష్మజీవులచే హిస్టమిన్‌గా మారును, ఎంత వండినను అది నశింపదు. అట్టి ముక్క నాలుకపై మిరియమువలె చుఱుక్కుమన్నచో ఉమ్మివేయవలసినదే. తిన్నవారికి మొగము కందుట, తలనొప్పి, దద్దురులు కలుగును.

కావున మావంటి మెట్టప్రాంతపువారికి నా సలహా యేమనగా, ‘తాజా’ యను మాటకు లోబడి, మంచు కరగిన పళ్లెరములో ఎప్పటినుండియో పడియున్న ముక్కను కొనుటకంటె, పట్టినవెంటనే గడ్డకట్టించి యెడతెగని చలిలో వచ్చిన ముక్కను కొనుట మేలు. పచ్చిగా తినదలచినవారు దీనినిగాక మఱియొకదానిని తాకనేరాదు. పొట్టముక్కలో తెల్లని క్రొవ్వుచారలు సన్నగా, దగ్గరదగ్గరగా నుండవలెను. వాసన సముద్రపుగాలివలె నుండవలెను గాని పుల్లగా కాదు. మితిమీరి గులాబిరంగున మెఱయు ముక్కను నమ్మరాదు. కార్బన్ మోనాక్సైడు పట్టించి ఆ రంగు తెప్పించువారు కలరు. మేలైన సరకును వ్యాపారులు సున్నకు దిగువ 60 డిగ్రీలలో దాచుదురు. మన యింటి ఫ్రీజరు 18 డిగ్రీలకే దిగును గనుక, అందు పెక్కువారములుంచినచో కండ గోధుమవన్నె తిరిగి క్రొవ్వు కమరును. తినదలచిన ముందురాత్రి ముక్కను బట్టలో చుట్టి ఫ్రిజ్జు క్రిందిభాగమున నుంచిన, మెల్లగా తనంతట విడును.

వంటవిషయమున నేను పల్నాటివాడనే. వెన్నెముక ప్రక్కనుండు నల్లకండను నీచువాసన పోవుటకై కోసివేసి, క్రొవ్వులేని ముక్కలను పులుసులో మరగించినచో కట్టెవలె బిగియునని యెఱిగి, వానిని పెనముపై క్షణకాలము మాత్రమే త్రిప్పుదును. పొట్టముక్కలకు ఉప్పు, పసుపు, మా యెఱ్ఱమిరపపొడి పట్టించి, మరగి చిక్కబడిన చింతపండు పులుసులో చివరనే జారవిడిచి, గరిటె పెట్టక, చట్టిని గుడ్డతో పట్టి కదపుదును. పది నిముషములైన పిదప పొయ్యి దించిచూచినయెడల, పులుసుపై ఎఱ్ఱగా తేలు నూనెలో నేను పోసినది కొంతయే, తక్కినది చేపది.