తెర వెనుక దీపము



నేటి ప్రసంగ విషయము ల్యాప్‌టాప్ కంప్యూటరు తెర తనంత తానుగా మసకబాఱుట. ఇది యెంతమాత్రపు సంగతియని కొందఱు తలంపవచ్చును. నేనును అట్లే తలంచితిని, మా యూరి చెఱువు క్రింద ఒక రైతు భూమిలో ఎకరము నా చేతిలో పోవువఱకు.

మా చెఱువు ఆయకట్టు పాత రిజిస్టరులు చెదలుపట్టి శిథిలమగుచుండగా వాని పుటలకు ఫోటోలు తీసి ల్యాప్‌టాప్‌లో భద్రపఱచితిమి. వానిని చదివి సాఫుప్రతి వ్రాయుపని నాకు ఒప్పగించిరి. కాగితము పసుపువన్నెకు తిరిగినది, సిరా వెలిసినది, అంకెలన్నియు తెలుగు అంకెలు. తెలుగున రెండంకెకును మూడంకెకును భేదము ఒక చిన్న తోకయే యని మీరెఱుగుదురు. ఒకనాటి రాత్రి కరెంటు పోయినది. నేను బ్యాటరీపైననే పని సాగించితిని. కొన్నాళ్లకు ఆ రైతు నాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, మా తాత పేర మూడెకరాలని మా నాయన చెప్పేవాడు. మీరు రెండు రాసినారు" అనెను. చార్జరు తగిలించి ఆ పుటను మరల తెఱచితిని. తోక స్పష్టముగా ఉన్నది. మూడే.

నా కంటికి పొర వచ్చినదని నిశ్చయించుకొని పట్టణమునకు పోయి వైద్యునకు చూపించితిని. ఆయన చాలసేపు పరీక్షించి, శుక్లము లేదనియు, ఉన్న అద్దములే చాలుననియు చెప్పి పంపివేసెను. అప్పటికి గాని యంత్రముపై నాకు అనుమానము కలుగలేదు. మానవుడు తన కన్నును అనుమానించినంత త్వరగా తాను వెలపోసి కొన్న వస్తువును అనుమానింపడు గదా!

నా ల్యాప్‌టాప్ లినక్సుపై నడచునది. 1991వ సంవత్సరమున ఫిన్‌లాండు దేశములోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ అను నాతడు దీనిని ఆరంభించెను. తరువాత లోకమందలి అనేకులు దానికి చేయికలిపిరి. దాని మూలము ఎల్లరకును తెఱచియున్నది గనుక లోపల ఏమి జరుగుచున్నదో యంత్రమునే అడిగి తెలిసికొనవచ్చును. ఇది గొప్ప సౌకర్యము. అయితే ఒక చిక్కు కూడ కలదు. అనేకులు వేర్వేఱుగా వ్రాసిన ప్రోగ్రాములు ఒక్క యంత్రములో కాపురముండును. ఉమ్మడి కుటుంబములో వసారా దీపమొక్కటే యైనను, వత్తిని ఎక్కించువారును తగ్గించువారును నలుగురుందురు. దీపము తగ్గినదని కోడలిని కోపపడుటకు ముందు తగ్గించినది ఆమెయేనా యని విచారింపవలసియుండును. ల్యాప్‌టాప్ విషయమునను విచారణ అక్కడనే మొదలు.

ఈ విచారణకు మొదట తెర స్వభావమును తెలిసికొనవలెను. మీరందఱును తోలుబొమ్మలాట చూచియుందురు. తెల్లని తెర, దానికి ఆనించిన రంగుల బొమ్మలు, వాని వెనుక దీపములు. బొమ్మకు స్వంత వెలుగు లేదు. వెనుకటి వెలుగు తోలుగుండ వచ్చి మన కంటికి రంగుగా కనబడును. మన ల్యాప్‌టాప్‌లలో పెక్కింటి తెర యిట్టిదే. ముందఱ నుండునది ద్రవస్ఫటికముల పొర, అది బొమ్మ. దాని వెనుక చిన్న ఎల్‌ఈడీ దీపములు. దీనినే బ్యాక్‌లైట్ అందురు. కావున తెర మసకబాఱుటకు రెండు త్రోవలు గలవు. వెనుక వత్తి తగ్గవచ్చును. లేదా బొమ్మ రంగు మాఱవచ్చును. ఓఎల్‌ఈడీ యను కొత్తరకపు తెరలలో వెనుక దీపమే లేదు, ప్రతి చుక్కయు తానే వెలుగును. ఇప్పుడు చెప్పబోవునది అన్నియు వానికి వర్తింపదు.

వత్తిని తగ్గించు చేతులలో మొదటిది మిక్కిలి అమాయకమైనది. కొంతసేపు మీట గాని మౌసు గాని తాకనిచో, ఎదుట ఎవరును లేరని తలంచి యంత్రము వెలుగు తగ్గించి, మఱికొంతసేపటికి తెరను పూర్తిగా ఆర్పివేయును. ఉబుంటు మొదలగు వానిలో కనబడు గ్నోమ్ అను ముఖభాగమునందు సెట్టింగ్స్ తెఱచి పవర్ అను భాగమునకు పోయినచో డిమ్ స్క్రీన్ అనునదియు, స్క్రీన్ బ్లాంక్ అనునదియు ఉండును. సాధారణముగా అయిదు నిమిషములకు తెర ఆరునట్లు అమర్చియుందురు. మనవంటివారు ఒక పుటను పది నిమిషములు చదువుదురని ఆ యమర్చినవారికి తోచలేదు కాబోలు. దీనిని గుర్తించుట సులభము: మీట తాకిన తోడనే వెలుగు తిరిగి వచ్చును. వచ్చినచో డిమ్ స్క్రీన్‌ను ఆపివేసి, స్క్రీన్ బ్లాంక్ గడువును పొడిగించుకొనుడు. కథ ముగిసినది.

రెండవ చేయి సెన్సారు. కొన్ని యంత్రములకు పైయంచున, కెమెరా ప్రక్కన, గదిలోని వెలుగును కొలుచు చిన్న కన్ను ఉండును. గదిలో దీపము జరిపినను, కిటికీ మూసినను తెర మాఱుచున్నచో ఇది దాని పని. వ్రేలితో ఆ కన్నును మూసి చూడుడు. తెర తగ్గినచో దొంగ దొరకినట్లే. అదే పవర్ భాగమున ఆటోమేటిక్ స్క్రీన్ బ్రైట్‌నెస్ అను దానిని ఆపవలెను. సెన్సారు లేని యంత్రములో ఆ మాటయే కనబడదు.

మూడవది పొదుపు. బ్యాటరీ తగ్గినపుడు యంత్రము తనకు తానే పవర్ సేవర్ పద్ధతికి మాఱునట్లు ఒక యమరిక కలదు. దానిని తప్పుపట్టరాదు; వెనుక దీపము త్రాగు విద్యుత్తు స్వల్పము కాదు, ఊరక చదువుకొనుచున్న వేళ ఖర్చులో పెద్దవాటా తఱచుగా దానిదే. తగ్గించినవానికి చెప్పకుండ తగ్గించుటయే అభ్యంతరము.

నేను ఈ మూడింటిని ఆపి చూచితిని. ఫలము లేదు. చార్జరు తీసినంతనే పుట పాలిపోవుచునే యున్నది. అప్పుడు మా మనుమడు, "తాతయ్యా, దీపమునే అడిగి చూడరాదా?" అనెను. ఆ పిల్లవాడు చెప్పినదే ఈ ప్రసంగమునకు ముఖ్యాంశము గనుక నిదానముగా చెప్పెదను.

లినక్సునందు యంత్రభాగములు తమ స్థితిని ఫైళ్లవలె చూపును. సిస్ అను ఫోల్డరులో క్లాస్, దానిలో బ్యాక్‌లైట్ అని యున్నది. దానిలోపల మీ తెరకు సంబంధించిన ఫోల్డరు ఒకటి. అందు బ్రైట్‌నెస్ అనియు, మాక్స్ బ్రైట్‌నెస్ అనియు రెండు ఫైళ్లు. రెండవదానిలో గరిష్ఠసంఖ్య యుండును. నా యంత్రమున అది 255. మొదటిదానిలో ఇప్పుడు వత్తి ఎంత ఎత్తున నున్నదో ఆ సంఖ్య యుండును. టెర్మినల్ తెఱచి, క్యాట్ అను ఆజ్ఞ ప్రక్కన ఆ ఫైలు త్రోవను ఆంగ్లపు చిన్నబడి అక్షరములతో వ్రాసిన సంఖ్య వచ్చును. చదువుటవలన యంత్రమునకు ఏ హానియు లేదు. చార్జరు ఉన్నపుడు ఒకసారియు, తీసి తెర మసకబాఱిన పిదప ఒకసారియు చదివి కాగితముపై వ్రాసికొనుడు. సంఖ్య తగ్గినచో తగ్గించినది పైనున్న ప్రోగ్రాములలో ఒకటి. ముందు చెప్పిన చేతులలో వెదకవలెను. సంఖ్య అట్లే యుండి మీ కంటికి మాత్రము తగ్గినచో, దోషి మఱింత లోపలనున్నాడు.

నాకు చార్జరుతో 180 వచ్చినది. తీసిన తరువాతను 180 వచ్చినది. తెర మాత్రము వెలవెలబోవుచున్నది.

ఇచట తోలుబొమ్మలాటను మరల తలంచుకొందము. నూనె మిగిల్చుటకై దీపము చూచువాడు వత్తిని చాటుగా తగ్గించినాడనుకొనుడు. ప్రేక్షకులు కనిపెట్టకుండ బొమ్మలవాడు అదే క్షణమున రంగులను లేతచేసి, వెలుగు ఎక్కువగా దూరునట్లు చేసినాడు. మొత్తముమీద బొమ్మ వెనుకటివలెనే కనబడును. కాని లేతరంగులన్నియు ఒకదానిలో నొకటి కలిసిపోవును. ఏఎమ్‌డి వారి గ్రాఫిక్సు చిప్పులలో ఈ యుక్తి కలదు. దానికి ఏబిఎమ్ అని పేరు. లినక్సునందు 2024లో దీనిని ప్యానెల్ పవర్ సేవింగ్స్ అను ఫైలు ద్వారా నడుపు ఏర్పాటు వచ్చినది. పవర్ ప్రొఫైల్స్ డెమన్ అను ప్రోగ్రాము, బ్యాటరీపై నడచునపుడు, ఎంచుకొన్న ప్రొఫైలును బట్టి దానిని హెచ్చించుచుండును. 0 అనగా లేదు. 4 అనగా మిక్కుటము. నా యంత్రమున చార్జరు తీసి చూడగా 3 ఉన్నది.

సినిమా చూచువారికి ఈ యుక్తి వలన నష్టము లేదు. పసుపు కాగితముపై వెలిసిన సిరాకు మాత్రము ఇది మృత్యువు. సిరాకును కాగితమునకును నడుమనున్న కొద్దిపాటి భేదమే ఇందు కరగిపోవును. మూడంకె తోక పోయిన త్రోవ యిదే.

దీనిని సంఖ్యలు లేకయే పట్టు ఉపాయము కూడ కలదు. తెరనంతయు నల్లగా చేసి మధ్య ఒక చిన్న తెల్లని పెట్టె నుంచుడు. తరువాత తెరనంతయు తెల్లగా చేయుడు. ఆ తెల్లదనము వెంటనే గాక మెల్లగా జాఱుచున్నట్లు కనబడినచో, బొమ్మను చూచి వత్తిని మార్చువాడు లోపల ఉన్నాడన్నమాట. కొన్ని తెరలలో ఈ యుక్తి ప్యానెలులోనే ఇమిడియుండును. అప్పుడు లినక్సు చేయగలిగినది అల్పము.

నివారణము రెండు విధములు. చదువునంతసేపు పైమూల మెనూలో పవర్ మోడ్‌ను పర్ఫార్మెన్స్‌కు మార్చిన, ఆ పద్ధతి మీ యంత్రములో ఉన్నచో, ఏబిఎమ్ సున్నకు దిగును. శాశ్వతముగా ఆపగోరినచో కెర్నెలు మొదలగునపుడే చెప్పవలెను: గ్రబ్ అను ప్రారంభపు అమరికలో, ఏఎమ్‌డిజిపియు, చుక్క, ఏబిఎమ్‌లెవెల్, సమానపు గుర్తు, సున్న అని నడుమ ఖాళీలు లేక చేర్చి, గ్రబ్‌ను నవీకరించి, యంత్రమును మరల ప్రారంభింపవలెను. ఆ ఫైలులో చేయి పెట్టుటకు ముందు దానికొక నకలు తీసి యుంచుడు. నేను తీయలేదు, ఒక అక్షరము తప్పి, ఒక సాయంకాలమంతయు మనుమని యెదుట తలవంచుకొని కూర్చుంటిని. దీనికి మూల్యముగా బ్యాటరీ కొంత త్వరగా దిగును. నాకది అంగీకారమే.

ఇంక చిన్నచిన్న చిక్కులు. యంత్రము ప్రతిదినము చీకటిగానే లేచుచున్నచో భయపడనక్కఱలేదు: ఆర్పునపుడున్న వెలుగును సిస్టమ్‌డి అను ప్రోగ్రాము గుర్తుంచుకొని మరల అదే యిచ్చును. వెలుగు పెంచి ఆర్పుడు. వెలుగు మీటలు నొక్కిన తెరపై గుర్తు కదలి దీపము కదలనిచో, బ్యాక్‌లైట్ ఫోల్డరులో రెండు పేర్లున్నవేమో చూడుడు. మీటలు ఒకదానిని త్రిప్పుచుండ దీపము మఱియొకదానికి తగిలించి యుండును. 2022 డిసెంబరులో వచ్చిన 6.1 కెర్నెలు మొదలుకొని ఒక తెరకు ఒక పేరే యుంచుటకు ఏర్పాటు జరిగినది గనుక ఈ బాధ పాతవానిలోనే హెచ్చు. టిఎల్‌పి యను పొదుపు ప్రోగ్రామును, పవర్ ప్రొఫైల్స్ డెమన్‌ను ఒకే యింట ఉంచకుడు, రెండింటికి పొసగదు.

కరెంటు లేని రాత్రులలో వ్రాసిన పుటలన్నియు చార్జరు తగిలించి మరల సరిచూచితిని. ఆ రైతు మూడెకరములు గాక మఱి రెండుచోట్ల మూడు రెండైనది. దిద్దితిని. అందొకటి మా తాతగారి భూమియే. దానిని గూర్చి అడుగుటకు నాయొద్దకు ఎవరును రాలేదు.

సెలవు.