సౌదీలో సాంస్కృతిక సీజన్: నెలవంక ఖరారు చేసే తేదీలు

రెండు దేశాల ప్రభుత్వాలు ముందుగా ఒప్పందం కుదుర్చుకుని, కొన్ని నెలల పాటు ఒకరి కళలను, గ్రంథాలను, చేతివృత్తులను, వంటకాలను మరొకరి ప్రజల ముందు వరుసగా ప్రదర్శించే ఏర్పాటును సాంస్కృతిక వినిమయ సీజన్ అంటారు. ఈ పద్ధతి భారతదేశానికి కొత్తది కాదు. 1982లో బ్రిటన్‌లోను, 1985-86లో అమెరికా, ఫ్రాన్స్ దేశాలలోను పుపుల్ జయకర్ సారథ్యంలో భారత ఉత్సవాలు జరిగాయి. 1987-88లో సోవియట్ యూనియన్‌లో భారత ఉత్సవం, భారతదేశంలో సోవియట్ ఉత్సవం జంటగా నడిచాయి. వీటిలో చివరిదే అసలైన వినిమయం అనిపించుకుంటుంది, ఎందుకంటే అక్కడ ఇవ్వడమూ పుచ్చుకోవడమూ ఒకే ప్రణాళికలో భాగాలయ్యాయి. సౌదీ అరేబియా గత కొన్నేళ్లుగా చేస్తున్న ప్రయత్నాలను అంచనా వేయడానికి కూడా ఇదే సరైన కొలమానం.

సౌదీలో అతిథి దేశాన్ని ఆహ్వానించే సంప్రదాయం రియాద్ శివార్లలోని జనాద్రియా గ్రామంలో బలపడింది. ఒంటెల పందేన్ని ఆలంబనగా చేసుకుని 1985లో నేషనల్ గార్డ్ ఆరంభించిన ఆ జాతీయ వారసత్వ ఉత్సవం, కాలక్రమంలో ఏటా ఒక దేశానికి ప్రత్యేక వేదిక కల్పించే స్థాయికి ఎదిగింది. 2018లో జరిగిన 32వ ఉత్సవానికి భారతదేశం గౌరవ అతిథి కాగా, ఆ ఏడాది ఫిబ్రవరి 7న రాజు సల్మాన్ చేసిన ప్రారంభోత్సవానికి అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ హాజరయ్యారు. దీనికి బదులు అనదగిన ఘట్టం ఆరేళ్ల తరువాత గాని రాలేదు: 2024 ఫిబ్రవరిలో జరిగిన న్యూఢిల్లీ ప్రపంచ పుస్తక ప్రదర్శనలో సౌదీ అరేబియా గౌరవ అతిథిగా పాల్గొంది. మొదటిది నేషనల్ గార్డ్ ఆహ్వానం, రెండవది నేషనల్ బుక్ ట్రస్ట్ ఆహ్వానం. రెండూ ఘనంగానే జరిగినా, ఒకదానికి కొనసాగింపుగా మరొకటి సాగిందని చెప్పడం కష్టం.

ఈ మధ్యకాలంలో సౌదీ యంత్రాంగం పూర్తిగా మారిపోయింది. 2016లో ప్రకటించిన ‘విజన్ 2030’, అంటే చమురు ఆదాయంపై ఆధారపడటాన్ని తగ్గించుకునే దీర్ఘకాల ప్రణాళిక, సంస్కృతిని ఆర్థిక రంగాలలో ఒకటిగా పరిగణించింది. అదే ఏడాది వినోద కార్యక్రమాలకు అనుమతులిచ్చే జనరల్ ఎంటర్‌టైన్‌మెంట్ అథారిటీ, 2018లో ప్రత్యేక సాంస్కృతిక మంత్రిత్వ శాఖ, 2020లో సాహిత్యం, సంగీతం, వంటలు, వారసత్వం మొదలైన రంగాలకు 11 కమిషన్లు ఏర్పడ్డాయి. బయటి దేశంతో సీజన్ నిర్వహించదలచిన వారికి దీనివల్ల ఒక వెసులుబాటు, ఒక చిక్కు రెండూ కలిగాయి: ప్రతి కళకూ బాధ్యత వహించే కార్యాలయం దొరికింది; కాని సంగీతం, వంట, చేనేత కలిసిన ఒక్క సాయంకాలానికి మూడు గుమ్మాలు ఎక్కవలసి రావచ్చు.

ఈ యంత్రాంగం సమగ్రంగా పనిచేసిన ఉదాహరణ 2025 సౌదీ-చైనా సాంస్కృతిక సంవత్సరం. 1990లో ఏర్పడిన దౌత్య సంబంధాలకు 35 ఏళ్లు నిండిన సందర్భాన్ని దానికి ఆధారంగా తీసుకున్నారు. అంతకు ముందే 2024 బీజింగ్ పుస్తక ప్రదర్శనలో సౌదీ గౌరవ అతిథిగా పాల్గొనగా, చైనా భాషను సౌదీ పాఠశాలల్లో ప్రవేశపెట్టాలన్న నిర్ణయం 2019 నాటిది. సీజన్ ఆరంభమయ్యేనాటికే ప్రేక్షకుడికి ఆ దేశంతో కొంత పరిచయం ఉండేలా నేలను దున్ని పెట్టుకోవడం ఇందులోని దూరదృష్టి.

ప్రణాళికలో అన్నిటికన్నా కఠినమైన అంశం డబ్బు అని సాధారణంగా భావిస్తారు గాని, సౌదీ విషయంలో ఆ స్థానం తేదీలది. మే నుంచి సెప్టెంబరు వరకు రియాద్‌లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతూ, కొన్ని రోజుల్లో 45 వరకు చేరుతుంది కనుక ఆరుబయట కార్యక్రమాలకు అక్టోబరు నుంచి మార్చి వరకే అనువైన కాలం. రియాద్ సీజన్ అనే నగర వినోదోత్సవం 2019 నుంచి అక్టోబరులో మొదలవుతున్నది కూడా ఇందుకే. అయితే ఈ ఆరు నెలలలోకి ఇప్పుడు రంజాన్ ప్రవేశిస్తోంది. తెలుగు పంచాంగం కూడా చాంద్రమానమే అయినా, సుమారు 33 నెలలకొకసారి అధిక మాసాన్ని చేర్చి సౌరమానంతో సరిపెట్టుకుంటుంది. అందువల్ల ఉగాది మార్చి, ఏప్రిల్ నెలలను దాటిపోదు. హిజ్రీ క్యాలెండర్‌లో అధిక మాసం లేదు, కాబట్టి ప్రతి మాసమూ ఏటా దాదాపు 11 రోజులు వెనక్కి జరుగుతూ పోతుంది. 2025లో మార్చి 1న మొదలైన రంజాన్, 2027లో ఫిబ్రవరి రెండవ వారంలోకి, 2028లో జనవరి చివరికి, 2029లో జనవరి మధ్యకు వస్తుంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి మొదలవుతుంది. అంటే రానున్న కొన్నేళ్లు చలికాలం సరిగ్గా నడుమకు తెగుతుంది.

రంజాన్‌లో నగరం నిద్రపోతుందనుకోవడం పొరపాటు. ఇఫ్తార్ తరువాత అంగళ్లు, వీథులు అర్ధరాత్రి దాటేవరకు కళకళలాడతాయి. అయినా నృత్య, సంగీత ప్రదర్శనలకు అది తగిన మాసం కాదు. ఆ నెల పుస్తకాలకు, లిపి కళకు, వంటకాలకు కేటాయించి, వేదిక కార్యక్రమాలను అక్టోబరు, నవంబరు, డిసెంబరులలో ముగించడం వివేకం. ఇక్కడ ఇంకొక మెలిక ఉంది. ప్రభుత్వ వ్యవహారాలకు ముందుగానే గణించిన ‘ఉమ్ అల్-ఖురా’ క్యాలెండర్ వాడినా, రంజాన్ ఆరంభాన్ని నెలవంక దర్శనాన్ని బట్టి ప్రకటిస్తారు. కాబట్టి విమాన టికెట్లు కొనే నిర్వాహకుడు ఇరువైపులా ఒక్కో రోజు ఖాళీ ఉంచుకోక తప్పదు. ప్రభుత్వోద్యోగుల జీతాలను 2016లోనే గ్రెగోరియన్ తేదీలకు మార్చిన దేశంలో కూడా పండుగ మాత్రం చంద్రుడి చేతిలోనే ఉంది.

తేదీల తరువాత వచ్చేది సరుకు. ప్రదర్శనకు వెళ్లి తిరిగి రావలసిన వస్తువులకు సుంకం కట్టనవసరం లేకుండా ‘ఏటీఏ కార్నే’ అనే అంతర్జాతీయ తాత్కాలిక ప్రవేశ పత్రం ఉంటుంది. భారతదేశంలో దీనిని ఫిక్కీ జారీ చేస్తుంది. సౌదీ 2024 నుంచి దీనిని అంగీకరిస్తోంది. వందేళ్లు దాటిన శిల్పం, చిత్రం వంటి వాటికి 1972 నాటి పురావస్తు చట్టం కింద కేంద్ర ప్రభుత్వ అనుమతి అవసరం, వ్రాతప్రతులకైతే ఆ గడువు 75 ఏళ్లే. పాత వస్తువులకే ఇన్ని తంటాలా అనుకుంటే, నిన్న మొన్న చేసిన కొండపల్లి బొమ్మ సంగతి కూడా అంత తేలిక కాదు. తెల్ల పొణికి చెక్కతో విడివిడిగా చెక్కిన అవయవాలను, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి రంగులు వేస్తారు. పొడి గాలిలో చెక్క ముడుచుకుంటే ఆ అతుకుల దగ్గరే పగులు ఏర్పడే ప్రమాదం ఉంటుంది. పంపే చెక్కపెట్టెలను సైతం పురుగు పట్టకుండా వేడితో శుద్ధిచేసి ముద్ర వేయించాలి. కనుక పెట్టె తెరిచిన చోటా, మూసిన చోటా ప్రతి బొమ్మ ఫొటోతో స్థితి నివేదిక రాసుకోవడం నిర్వాహకుల నియమం. ఖర్చు సాధారణంగా పంచుకుంటారు: ప్రయాణం, కళాకారుల పారితోషికం పంపే దేశానివి, వేదిక, బస, భద్రత ఆతిథ్య దేశానివి.

ప్రేక్షకులెవరన్న ప్రశ్నను ప్రణాళికలు తరచుగా దాటవేస్తాయి. సౌదీలో 26 లక్షలకు పైగా భారతీయులు నివసిస్తున్నారు. రియాద్, జిద్దా, దమ్మామ్, జుబైల్ నగరాల్లో తెలుగువారు తమ సంఘాల ద్వారా ఉగాదిని, సంక్రాంతిని జరుపుకుంటూనే ఉన్నారు. 2024 అక్టోబరులో రియాద్ నైరుతి భాగంలోని సువైదీ పార్కులో, దేశంలోని వలస సముదాయాల సంస్కృతులకు వేదిక కల్పించే కార్యక్రమాన్ని భారతీయ దినాలతో ప్రారంభించినప్పుడు, ఆ జనసమూహం శక్తి స్పష్టంగా కనిపించింది. కాని వలస కార్మికులు తమ పాటలు తామే విని ఆనందించడం ఒక మేలైతే, సౌదీ కుటుంబాలు వచ్చి కూర్చోవడం వేరొక మేలు. వినిమయం పేరుతో మొదటిదానితోనే సరిపెట్టుకోవడం ఆత్మవంచన అవుతుంది. అలాగని ఢిల్లీ నుంచి బృందాలను దింపి, ఇరవై ఏళ్లుగా అక్కడే ఉండి అరబీ మాట్లాడగల వారిని ప్రేక్షకుల కుర్చీలకే పరిమితం చేయడమూ వివేకం కాదు. రెండు సమాజాల మధ్య వ్యాఖ్యాతలుగా వారిని మించినవారు దొరకరు.

కేవలం ప్రదర్శించడం కాక కలిసి పనిచేయడమెలాగో సౌదీ సంగీత కమిషన్ కొంత చూపించింది. 2022లో పారిస్‌లో మొదలై న్యూయార్క్, లండన్, టోక్యో నగరాలకు వెళ్లిన సౌదీ జాతీయ వాద్యబృందం, గాయకబృందం కచేరీలలో స్థానిక కళాకారులు అదే వేదిక పంచుకున్నారు. చేనేతలో ఇటువంటి జంట కుదర్చడం ఇంకా సులువు. సౌదీ ఎడారి స్త్రీలు నేలమీద పరచిన మగ్గంపై ఒంటె, మేక వెంట్రుకలతో, గొర్రె ఉన్నితో నేసే ‘సదూ’ 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. రేఖలు, త్రికోణాలే దాని అలంకారం. నూలును నేతకు ముందే కట్టి రంగు అద్దే పోచంపల్లి ఇక్కత్ కూడా ఆ జ్యామితినే మరో దారిలో సాధిస్తుంది. ఇద్దరు నేతగత్తెలను పక్కపక్కన కూర్చోబెడితే దుభాషి అవసరం పెద్దగా ఉండదు. వంటకాలలోనైతే బంధుత్వం ఇప్పటికే స్థిరపడింది: 2023లో సౌదీ, ఒమన్, యూఏఈల పేరిట యునెస్కో గుర్తించిన గోధుమ, మాంసాల ‘హరీస్’, హైదరాబాద్ బార్కస్‌లో నేటికీ అమ్ముడవుతోంది, 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ హలీం దానికి మసాలా పట్టిన వారసురాలు.

2025 ఏప్రిల్‌లో ప్రధాని మోదీ జిద్దా పర్యటన సందర్భంగా, 2019లో ఏర్పడిన భారత-సౌదీ వ్యూహాత్మక భాగస్వామ్య మండలిలో పర్యాటక, సాంస్కృతిక సహకారానికి ప్రత్యేక మంత్రిత్వ స్థాయి సంఘాన్ని చేర్చారు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకే కాగితం మీద రాసుకునే చోటు ఇన్నాళ్లకు ఏర్పడిందన్నమాట. భారతదేశంలో జరగవలసిన సగాన్ని అలవాటుగా ఢిల్లీకే కట్టబెట్టే అవకాశం ఉంది గాని, హైదరాబాద్‌కు ఉన్న హక్కు బలమైనది. మక్కాలో నిజాముల రుబాత్, అంటే యాత్రికుల ఉచిత వసతి గృహం, పూర్వపు హైదరాబాద్ సంస్థానపు జిల్లాల హజ్ యాత్రికులకు తరతరాలుగా ఆశ్రయమిచ్చింది. 1888లో స్థాపితమై ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్ అరుదైన అరబీ వ్రాతప్రతులను పరిష్కరించి ప్రచురించగా, ఆ ముద్రణలను అరబ్ దేశాల పండితులు ఆధారాలుగా వాడుకుంటూ వచ్చారు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని అరబీ ప్రతులను, దాయిరతుల్ మఆరిఫ్ ముద్రణలను, రియాద్ గ్రంథాలయాల నుంచి వచ్చే ప్రతులను ఒకే మందిరంలో ప్రదర్శించడానికి ఋతువుతోగాని, నెలవంకతోగాని పేచీ ఉండదు. ఆ ఒక్క కార్యక్రమాన్ని సంవత్సరంలో ఏ నెలలోనైనా పెట్టుకోవచ్చు.