కోటిలింగాల గట్టున స్వచ్ఛంద పురాన్వేషకులు

కమాన్‌పూర్ పరిసరములలో భూమిని త్రవ్వుట యనగానే సింగరేణివారి ఓపెన్‌కాస్టు గనులే స్ఫురించును. షావెల్ యంత్రములు 25 కోట్ల సంవత్సరములకు పైబడిన శిలాస్తరములను పెల్లగింపగా, బారులు తీరిన డంపర్లు బొగ్గును ఒకవైపునకును, మట్టిని గుట్టలుగా వేరొకవైపునకును చేర్చుచుండును. అట్టి సీమలోనే, జానెడు లోతు దిగుటకు దినములు పట్టినను విసుగు చెందని మరియొక త్రవ్వకమునకును చరిత్ర కలదు.

పెద్దపల్లికి చేరువనున్న పెద్దబంకూరులో వి.వి. కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యమున పురావస్తు శాఖవారు జరిపిన త్రవ్వకములలో ఇటుక బావులు, మట్టి వరల బావులు, కమ్మరి కొలిమి, ఇనుప పనిముట్లు, వేలకొలది శాతవాహన నాణెములు, వానితోపాటు రోమక చక్రవర్తులగు ఆగస్టస్, టైబీరియస్‌ల నాణెములును బయల్పడినవి. ఇనుము కాచి సాగగొట్టిన, సముద్రమునకు దూరముననున్న ఈ ఊరు సముద్రపు రేవులతో ముడిపడి యుండెననుటకు వేరొక సాక్ష్యమును వెదుకనేల? గోదావరితో పెద్దవాగు కలియు చోట, మట్టికోట నడుమ వెలసిన కోటిలింగాల ఇంతకంటెను విశేషమైనది. 1979–83 నడుమ అచట త్రవ్వకములు సాగినవి.

అయితే ఆ దిబ్బల విలువను శాఖవారికంటె ముందు గుర్తించి, కాలినడకన ఊరూర తిరిగి, పెంకులను, నాణెములను, శాసనములను పరిశీలించి లోకమునకు చాటినవారు చరిత్రాభిమానులు. వారిలో ఠాకూర్ రాజారాం సింగ్‌గారి పేరు అగ్రగణ్యము. వృత్తిచే నాడీశస్త్రవైద్యులైన దేమె రాజారెడ్డిగారు కోటిలింగాల నాణెములను శ్రద్ధతో అధ్యయనము చేసిరి. గోబద, నారన, కంవాయ, సమగోప యను పూర్వరాజుల పేర్లును, చిముక శాతవాహనుని పేరును ఆ నాణెములపైననే కనిపించుటచేత, శాతవాహనుల తొలినాళ్లు ఈ గట్టునకు సంబంధించినవను వాదమునకు బలము చేకూరినది. జీతబత్తెములు లేని ఆ పరిశ్రమకు మనము చెల్లించిన గౌరవము మాత్రము స్వల్పమే.

అట్లని ఉత్సాహవంతులందరును పలుగుపార పట్టవచ్చునా? కూడదు. సింగరేణి భూగర్భశాస్త్రజ్ఞులు బోరునుండి తీసిన రాతికోరును లోతు ప్రకారము గుర్తులు వేసి పెట్టెలలో వరుసగా పేర్చుదురు గదా. ఆ వరుస చెదరినచో ఏ బొగ్గుపొర ఎంత లోతున నున్నదో చెప్పజాలరు. ప్రాచీన గ్రామపు దిబ్బయు అట్టిదే. పొరనుండి వేరై చేతులు మారిన నాణెము రాజు పేరు చెప్పును గాని, అది ఏ యింటి నేలపై, ఏ కుండ ప్రక్కన పడియుండెనో చెప్పదు. అందుచేతనే భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అనుమతి లేని త్రవ్వకము మన దేశమున నిషిద్ధము. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరునకు తెలుపవలెను.

అయినను త్రవ్వకయే చేయదగిన సేవ కలదు. ఇంగ్లండులో థేమ్సు నది ఆటువేళ వెనుకకు తగ్గినప్పుడు, పాత రేవుల కర్రకట్టలు, నౌకానిర్మాణశాలల శిథిలములు బురదలో బయటపడుచుండగా, 2008లో మొదలైన ఒక పథకము క్రింద శిక్షణ పొందిన సామాన్య పౌరులు వానిని కొలిచి, బొమ్మలు గీసి, ఛాయాచిత్రములు తీసి నమోదు చేయుచున్నారు. వారు చేయు పనిలో త్రవ్వుటకంటె వ్రాసికొనుటయే అధికము.

కోటిలింగాలకు ఇప్పుడు కావలసినది అదియే. రామగుండము చేరువన కట్టిన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు 20 టీఎంసీల నీటిని నిలుపును. ఆ వెనుకజలములు పురాతన పట్టణపు గట్టును తాకి ముంచుచున్నవి. విద్యుత్తునకు, సాగునకు, త్రాగునకు నీరు వలదనువారెవ్వరు? కాని విస్తృతముగ త్రవ్వకముందే నీటిపాలు చేయుట తొందరపాటే. వేసవిలో నీరు దిగిన దినములలో, పురావస్తు శాఖవారి అనుమతితో, సమీపకళాశాలల విద్యార్థులును, విశ్రాంత గని కార్మికులును గట్టు వెంబడి నడచి, కనబడిన ఇటుక వరుసను, పెంకును కదల్పక ఫోటో తీసి, చోటును తేదీని వ్రాసి పంపవచ్చును. భూమిపొరలను చూచిన కన్ను గని కార్మికునకున్నట్లు మరి యెవరికుండును?