ఛాతీ ఫిజియోథెరపీ (పిల్లలు)

ఛాతీ ఫిజియోథెరపీ అనగా ఊపిరితిత్తులలో పేరుకొన్న చిక్కని కఫాన్ని (తెమడను) కదిలించి బయటకు రప్పించే చికిత్సా పద్ధతుల సముదాయం. సిస్టిక్ ఫైబ్రోసిస్, బ్రాంకియెక్టాసిస్ వంటి దీర్ఘవ్యాధులున్న పిల్లలకు ఇది దినచర్యలో భాగం.

అవసరం

శ్వాసనాళాల లోపలి గోడపై ఉండే సూక్ష్మకేశాలు (సీలియా) శ్లేష్మాన్ని నిరంతరం గొంతు వైపుకు నెడుతుంటాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో శ్లేష్మం జిగటగా మారి కదలదు. నిలిచిన కఫంలో బాక్టీరియా పెరిగి, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు కలిగి, క్రమంగా శ్వాసనాళాలు శాశ్వతంగా వ్యాకోచిస్తాయి. దీనినే బ్రాంకియెక్టాసిస్ అంటారు. క్షయ, కోరింత దగ్గు, తట్టు సోకిన తరువాత కూడా కొందరు పిల్లలలో ఇది ఏర్పడుతుంది.

చరిత్ర

సిస్టిక్ ఫైబ్రోసిస్‌ను 1938లో అమెరికా వైద్యురాలు డొరొతీ ఆండర్సన్ ప్రత్యేక వ్యాధిగా వర్ణించారు. దీనికి కారణమైన జన్యువును 1989లో కనుగొన్నారు. జన్యులోపం ప్రభావాన్ని సరిదిద్దే మందులు 2012 నుండి వచ్చినా అవి చాలా ఖరీదైనవి, అందరికీ పనిచేయవు. కనుక కఫాన్ని తొలగించడం నేటికీ ముఖ్యమైన చికిత్స.

పద్ధతులు

* భంగిమల ద్వారా: పిల్లవానిని ప్రక్కకు, బోర్లా పడుకోబెట్టి లేదా కూర్చోబెట్టి కఫం పెద్ద నాళాలలోకి జారేటట్లు చేస్తారు.
* తట్టడం: అరచేతిని దోసిలివలె ముడిచి, పలుచని బట్టపై నుండి ప్రక్కటెముకల మీద లయగా తడతారు. వెన్నెముక, కడుపు, మూత్రపిండాల భాగాలపై తట్టరాదు.
* హఫింగ్: దీర్ఘంగా గాలి పీల్చి, నోరు తెరచి "హా" అంటూ బలంగా వదలడం. అర్థం చేసుకోగల వయసు పిల్లలకు నేర్పవచ్చు.
* బుడగలు ఊదడం: సీసాలో సుమారు 10 సెం.మీ. ఎత్తున నీరు పోసి, గొట్టం ద్వారా ఊదిస్తారు. నీటి ఒత్తిడి వలన శ్వాసనాళాలు తెరచుకొని ఉంటాయి. నీరు పీల్చకుండా పెద్దలు గమనించాలి. సీసాను, గొట్టాన్ని రోజూ కడిగి ఆరబెట్టాలి.

జాగ్రత్తలు

భోజనానికి ముందు గాని, తిన్న రెండు గంటలకు గాని చేయాలి. పసిపిల్లలను తల క్రిందికి వంచే పూర్వపు పద్ధతిని ఇప్పుడు సాధారణంగా వాడటం లేదు. దానివలన కడుపులోని పాలు పైకి ఎగదన్నవచ్చు. కఫంలో రక్తం పడినా, పెదవులు నీలంగా మారినా, ఆయాసం పెరిగినా ఆపి వెంటనే వైద్యుని సంప్రదించాలి. దగ్గు తగ్గినదని సాధనను మానివేయరాదు. కఫం తిరిగి పేరుకొంటుంది. సాధారణ న్యుమోనియా సోకిన పిల్లలకు మాత్రం ఈ చికిత్స వలన ప్రయోజనం ఉన్నట్లు పరిశోధనలలో తేలలేదు.

ఇంటివద్ద చికిత్స

పులికాట్ సరస్సు తీరాన గల తడ, సూళ్ళూరుపేట మండలాలు 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉన్నాయి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో ఫిజియోథెరపీ కళాశాల ఉంది. అయితే ప్రతిదినం చేయవలసిన చికిత్సకు తీరగ్రామాల నుండి నగరానికి వెళ్ళడం సాధ్యం కాదు. అందువలన తల్లిదండ్రులు నిపుణుల వద్ద పద్ధతిని నేర్చుకొని ఇంటిలోనే చేయించడం, పిల్లలు ఎదిగేకొద్దీ స్వయంగా చేసుకొనేటట్లు అలవాటు చేయడం అవసరం.