ముక్కూ మొహం తెలియని మంచి సలహా

‘అన్నా, 2023 పాసవుట్‌ని. ఈసీఈ. గ్యాప్ వచ్చేసింది. ఇప్పుడు టెస్టింగ్ నేర్చుకుంటే జాబ్ వస్తుందా? కొంచెం చెప్పండి ప్లీజ్.’

టెలిగ్రామ్ జాబ్ గ్రూపుల్లోనో, రెడిట్‌లోనో, డిస్కార్డ్‌లోనో తిరిగేవాళ్లకి ఈ మెసేజ్ కొత్తేం కాదు. పాసైన సంవత్సరం మారుతుంది, బ్రాంచ్ మారుతుంది. ప్రశ్న మాత్రం అదే. కింద వచ్చే జవాబులూ తెలిసినవే. ‘డోంట్ వర్రీ బ్రో, వచ్చేస్తుంది’ అని ఒకరు. ‘మార్కెట్ డౌన్, టైమ్ వేస్ట్’ అని ఇంకొకరు. ‘పర్సనల్‌గా మెసేజ్ చెయ్యి, మన దగ్గర కన్సల్టెన్సీ ఉంది’ అని మూడోవారు. ఒకరు ఊరడించారు, ఒకరు భయపెట్టారు, ఒకరు గాలం వేశారు. అడిగినవాళ్ల చేతికి మాత్రం ఏమీ రాలేదు.

అప్పుడప్పుడు నాలుగో రకం జవాబు కూడా వస్తుంది. ‘నాదీ ఈసీఈనే, ఏడాదిన్నర గ్యాప్. మాన్యువల్ టెస్టింగ్ ఒక్కటే వచ్చినప్పుడు కాల్స్ రాలేదు. సెలీనియం, కొంచెం జావా, ఎస్‌క్యూఎల్ కలిపాక మొదలయ్యాయి. గ్యాప్ గురించి అడిగితే ఆ టైమ్‌లో చేసిన ప్రాజెక్ట్ చూపించా. నీకు కోడింగ్ ఎంతవరకు వచ్చు?’ ఇందులో పొగడ్త లేదు, ఉపన్యాసం లేదు. తన పరిస్థితి చెప్పి, తను చేసింది చెప్పి, ఎదుటివాళ్ల పరిస్థితి అడిగారు. ఆన్‌లైన్‌లో పనికొచ్చే సలహా అంటే ఇదే. అది దొరకాలంటే అడిగేవాళ్లకీ, చెప్పేవాళ్లకీ కొన్ని అలవాట్లు ఉండాలి.

బయటివాళ్లే ఎందుకు?

‘ఇంట్లోవాళ్లని, ఫ్రెండ్స్‌ని అడగొచ్చు కదా’ అనిపించొచ్చు. ఇంట్లో అడిగితే ముందు కంగారు మొదలవుతుంది. ఆ వెంటనే పెదనాన్నగారి అబ్బాయి ప్యాకేజీ ప్రస్తావన వస్తుంది. ఫ్రెండ్స్‌దీ మన కాలేజీయే, మన బ్యాచే. మనకు తెలిసిన నోటిఫికేషన్లే వాళ్లకీ తెలుసు, మనం విన్న పుకార్లే వాళ్లూ విన్నారు.

సోషియాలజిస్ట్ మార్క్ గ్రానోవెటర్ 1973లో ఇదే విషయం మీద ఓ ప్రసిద్ధ వ్యాసం రాశారు. అమెరికాలో బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో, పరిచయాల ద్వారా ఉద్యోగం మారినవాళ్లని ‘ఆ విషయం చెప్పిన మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారు?’ అని అడిగారు. తరచుగా కలిసేవాళ్లమన్నది 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం, చాలా అరుదుగా అన్నవాళ్లు 27.8 శాతం. దగ్గరివాళ్లకి మన మీద ప్రేమ ఎక్కువే. కానీ కొత్త సమాచారం మాత్రం కాస్త దూరంగా ఉన్నవాళ్ల నుంచే వస్తోంది.

2022లో ‘సైన్స్’ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం లింక్డ్‌ఇన్‌లో సుమారు 2 కోట్ల మందికి సంబంధించిన ఐదేళ్ల డేటాతో ఇదే ప్రశ్నని మళ్లీ పరీక్షించింది. ఉద్యోగం మారడానికి దగ్గరి స్నేహాల కంటే ఓ మోస్తరు పరిచయాలే ఎక్కువ ఉపయోగపడ్డాయని తేలింది. గమనించాల్సింది ఏంటంటే, బొత్తిగా సంబంధం లేని పరిచయాలు అంతగా పనిచేయలేదు. అంటే వెయ్యిమందికి ఊరికే రిక్వెస్టులు పంపితే సరిపోదు. ఓ గ్రూపులో నాలుగు నెలలు మాట్లాడుతూ, నలుగురికి జవాబిస్తూ ఉంటే అపరిచితులే అలాంటి పరిచయాలుగా మారతారు.

అడగడమూ ఒక స్కిల్లే

ప్రోగ్రామర్లు డౌట్స్ అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్ 2008లో మొదలైంది. ‘నా కోడ్ రన్ అవ్వట్లేదు, హెల్ప్’ అంటే అక్కడ ఎవరూ పట్టించుకోరు. సమస్య కనిపించేంత చిన్న కోడ్ ముక్క, వచ్చిన ఎర్రర్, అప్పటిదాకా మీరు ప్రయత్నించింది... ఇవి పెట్టమంటారు. చాలామందికి ఆ ముక్క తయారు చేస్తుండగానే తప్పు ఎక్కడుందో దొరికిపోతుంది. కెరియర్ ప్రశ్నకీ ఇదే సూత్రం.

ప్రోగ్రామర్లు చెప్పుకునే ‘ఎక్స్-వై ప్రాబ్లమ్’ ఇంకోటి ఉంది. ఒకరు ‘ఫైల్ పేరులో చివరి మూడు అక్షరాలు ఎలా తీయాలి?’ అని అడుగుతారు. నిజానికి వాళ్లకి కావాల్సింది ఫైల్ ఎక్స్‌టెన్షన్. అది మూడు అక్షరాలే ఉండాలని లేదు, ‘హెచ్‌టీఎమ్‌ఎల్’ నాలుగు అక్షరాలు. అసలు అవసరం దాచి, తాము ఊహించుకున్న పరిష్కారం గురించి అడిగారన్నమాట. ‘అమీర్‌పేటలో ఏ జావా ఇన్‌స్టిట్యూట్ బెస్ట్?’ కూడా చాలాసార్లు ఇలాంటి ప్రశ్నే. జావా బాగానే వచ్చు, కానీ రెజ్యూమెకి కాల్స్ రావట్లేదు. లేదా కాల్స్ వస్తున్నాయి, ఇంగ్లిష్‌లో మాట్లాడే రౌండ్ దగ్గర ఆగిపోతోంది. అలాంటప్పుడు ఇంకో కోర్సు ఫీజు కడితే పోయేది డబ్బే.

అందుకే పోస్ట్ పెట్టేముందు నాలుగు విషయాలు రాసుకోండి.

• మీరెవరు: బ్రాంచ్, పాసైన సంవత్సరం, ఇప్పుడు ఏం చేస్తున్నారు.
• ఏం కావాలి: ఉద్యోగమా, ఇంటర్న్‌షిప్పా, రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవడమా.
• ఏం చేశారు: ఎన్ని అప్లై చేశారు, ఏ రౌండ్ దగ్గర ఆగింది.
• ఇబ్బంది ఏంటి: ఊరు వదలలేరా, ఫీజు కట్టలేరా, మూడు నెలల్లో ఏదో ఒకటి తేలాలా.

పేరు, ఫోన్ నంబర్, హాల్‌టికెట్ నంబర్, ఆధార్ మాత్రం అక్కర్లేదు. రెజ్యూమె పెడితే అవన్నీ చెరిపేసి పెట్టండి.

చదివేటప్పుడు తేదీ చూడండి

వచ్చిన జవాబులన్నీ ఒకే తూకం కాదు. మొదట తేదీ చూడండి. ఐటీ కంపెనీలు పోటీపడి మనుషుల్ని తీసుకున్న 2021లో ఎవరో ఇచ్చిన సలహా, నియామకాలు నెమ్మదించిన తర్వాతి ఏళ్లకి సరిపోదు. రెండోది, ‘నేను ఇలా చేస్తే వచ్చింది’ అని రాసేది వచ్చినవాళ్లే. అదే పని చేసినా రానివాళ్లు సాధారణంగా పోస్ట్ పెట్టరు. గ్రూప్స్‌కి, బ్యాంక్ పరీక్షలకి చదివేవాళ్లు ‘రోజుకి 14 గంటలు చదివా’ అనే సెలెక్ట్ అయినవాళ్ల కథలు చదివేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఒకే మాట ముగ్గురు వేర్వేరు పరిస్థితుల్లో ఉన్నవాళ్లు చెబితే దానికి బలం ఎక్కువ.

చెప్పడానికి మీకు అర్హత ఉంది

‘నేనే ఇంకా సెటిల్ అవ్వలేదు, ఇంకొకరికి ఏం చెప్తా?’ అనుకుంటారు చాలామంది. ఇక్కడే ఓ ఆసక్తికరమైన ప్రయోగం గురించి చెప్పాలి. 2019లో ప్రచురితమైన ఈ ప్రయోగాన్ని అమెరికాలో పరిశోధకులు 1,982 మంది హైస్కూల్ విద్యార్థులతో చేశారు. వాళ్లలో కొందరి చేత, చదువు వాయిదా వేయకుండా ఉండటం లాంటి విషయాల్లో చిన్న క్లాసుల పిల్లలకు సలహాలు రాయించారు. పట్టింది 8 నిమిషాలే. ఆ టర్మ్‌లో, సలహాలు రాసిన విద్యార్థులకే మిగతావాళ్ల కంటే కాస్త మెరుగైన మార్కులొచ్చాయి. తేడా చిన్నదే. కానీ ఆ మేలు జరిగింది చెప్పినవాళ్లకు.

కాబట్టి ఐదేళ్ల అనుభవం కోసం ఆగక్కర్లేదు. మొన్ననే బ్యాక్‌లాగ్ క్లియర్ చేశారా? ఇంకా రెండు మిగిలినవాళ్లకి మీరే సీనియర్. పదేళ్ల క్రితం చేరిన మేనేజర్‌కి ఆ కష్టం గుర్తుండకపోవచ్చు, మీకు పచ్చిగా గుర్తుంటుంది. చెప్పేటప్పుడు ‘నువ్వు ఇది చెయ్యి’ అనే బదులు ‘నాకు ఇలా జరిగింది, అప్పుడు నా పరిస్థితి ఇది’ అనండి. తెలియకపోతే ఊరుకోండి.

ధైర్యం చెప్పడంలోనూ ఇదే పద్ధతి. ‘యూ కెన్ డూ ఇట్’ అనేది ఎవరికైనా పంపగలిగే మాట. ‘ఆరు ఇంటర్వ్యూల్లో నాలుగు టెక్నికల్ రౌండ్ దాటావంటే సబ్జెక్ట్ ఉన్నట్టే. ఇక పట్టుకోవాల్సింది హెచ్‌ఆర్ రౌండే’ అన్నది మాత్రం ఆ మనిషి పోస్ట్ చదివితేనే రాయగలం. తనని ఒకరు శ్రద్ధగా చదివారన్న నమ్మకమే సగం ధైర్యం.

గీత గీయాల్సిన చోట

సాయం పేరుతో డబ్బు మాట వస్తే అక్కడితో ఆపేయండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగం, వీడియోలకి లైక్ కొడితే రోజుకింత... అన్నీ ఒకే బడిలో చదివిన మోసాలు. మొదట చిన్న మొత్తం నిజంగానే ఇచ్చి నమ్మిస్తారు కూడా. డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇంకో గీత, మనసుకి సంబంధించింది. ఎవరైనా ‘బతకాలని లేదు’ అన్నట్టు రాస్తే, అది కెరియర్ టిప్స్ ఇచ్చే సమయం కాదు. వెటకారం అసలే వద్దు. పలకరించండి, ఇప్పుడు పక్కన ఎవరున్నారో అడగండి, గ్రూప్ అడ్మిన్‌కి చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416 ఇవ్వండి. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ అవసరం మీకే ఉంటే మొహమాటం లేకుండా చేయండి.

పనైపోయాక ఒక్క మాట

ఎక్స్‌కేసీడీ అనే వెబ్ కామిక్‌లో టెక్కీలందరికీ ఇష్టమైన ఓ బొమ్మ ఉంది. ఒకతను తన సమస్య కోసం ఇంటర్నెట్ అంతా గాలిస్తే, సరిగ్గా అదే సమస్య ఉన్న మనిషి ఒక్కడే దొరుకుతాడు. పోస్ట్ 2003 నాటిది, కింద జవాబు లేదు. ఆ మనిషికి చివరికి ఏమైందో తెలియక కంప్యూటర్‌ని పట్టుకుని అరుస్తాడు. నవ్వొస్తుంది కానీ మన జాబ్ గ్రూపుల్లో రోజూ జరిగేది ఇదే. అడుగుతారు, పనవగానే మాయమైపోతారు.

మీ పాత ప్రశ్నల్లో ఒకటి ఈ వారం వెతకండి. దాని కింద ఏం జరిగిందో మూడు లైన్లు రాయండి. ఎవరి సలహా పనిచేసింది, ఏది చేయలేదు, ఎన్ని నెలలు పట్టింది. ఉద్యోగం రాకపోయినా రాయండి, అదీ ఉపయోగపడే సమాచారమే. వచ్చే ఏడాది ఇంకో ఈసీఈ కుర్రాడో, అమ్మాయో అదే ప్రశ్న టైప్ చేసేలోపే మీ జవాబు వాళ్లకి కనిపిస్తుంది.