శనివారం జీన్సు, రాయదుర్గం కుట్టు

శనివారం సాయంత్రం మీ అబ్బాయి షికారుకు తొడుక్కునే జీన్సు ప్యాంటు ఎక్కడ కుట్టారో ఎప్పుడైనా ఆలోచించారా? అనంతపురం జిల్లా రాయదుర్గంలో కావచ్చు! ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే సీమ అది. వేరుశనగ ఎండిన ఏడు అక్కడ చాలా ఇళ్ళకు కుట్టుమిషనే ఆసరా.

జీన్సు గుడ్డకు పడుగు నీలం, పేక తెలుపు. నీలిరంగు దారానికి పైపైనే అంటుతుంది, అందుకే ఉతికేకొద్దీ వెలుస్తుంది. కత్తిరింపు ఒకరిది, జేబులు ఒకరివి, నడుంపట్టీ మరొకరిది. కూలి ముక్కకింత. నడుముకు పెద్ద పేరున్న తోలుబిళ్ళ పడగానే ప్యాంటు ధర పెరుగుతుంది. కుట్టినామె కూలి మాత్రం అప్పటికే తేలిపోయి ఉంటుంది.

మీలోనూ ఇంట్లో కుట్టి అంగళ్ళకిచ్చేవారున్నారు కదా! రేటు ఒప్పుకునే ముందు దారం, సూదులు, కరెంటు, పట్టే గంటలు కాగితంమీద వేసుకోండి. మన కష్టానికి మనమే వెల కట్టకపోతే ఇంకెవరు కడతారమ్మా?